దీపం ఆరలేదంటే గాలి మంచిదేనా?

పాడుబడ్డ బావిలో పూడిక తీయాలన్నా, కింద ఉన్న మోటారు బాగుచేయాలన్నా ముందు లాంతరు దించి చూడటం పల్లెల్లో పాత అలవాటు. తాడుకు కట్టిన లాంతరు అడుగుదాకా వెళ్ళి వెలుగుతూనే పైకొస్తే మనిషి దిగుతాడు. మధ్యలో ఆరిపోతే ఆగుతాడు. ఎవరూ పుస్తకం చదివి నేర్చుకోని ఈ పరీక్ష వెనక గట్టి సైన్సే ఉంది. అయితే దీపం వెలుగుతూ ఉన్నా ప్రాణం పోయే పరిస్థితులు కూడా అదే బావిలో ఉండొచ్చు. దీపాన్ని మనం అడిగింది ఒక ప్రశ్న, దాని జవాబును వాడుకుంటున్నది మరో ప్రశ్నకు. జ్వరం చూసే థర్మామీటరు మొదలుకొని ఫ్యాక్టరీ ట్యాంకుల దాకా చాలా ప్రమాదాలు ఈ తేడా దగ్గరే మొదలవుతాయి.

ముందు బావి సంగతి చూద్దాం. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది. బావిలో రాలిన ఆకులు, చెత్త కుళ్ళుతుంటే సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను వాడుకుని కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతాయి. అది గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. లోతైన బావిలో గాలి ఆడదు కాబట్టి అడుగునే నిలిచిపోతుంది. ఆక్సిజన్ 16 శాతం చుట్టుపక్కలకు పడిపోతే మామూలు దీపం ఆరిపోతుంది. ఆ గాలిలో మనిషికి ఊపిరి వేగం పెరుగుతుంది, ఆలోచన మందగిస్తుంది, కానీ వెంటనే పడిపోడు. 10 శాతం కంటే తగ్గితే స్పృహ తప్పుతుంది. అంటే ఆక్సిజన్ తగ్గడం విషయంలో దీపం మనిషి కంటే ముందే ఓడిపోతుంది. అందుకే అది మంచి హెచ్చరిక.

ఇప్పుడు రెండో వైపు. బావి గాలిలో కార్బన్ డయాక్సైడ్ 8 శాతం దాకా వచ్చి చేరిందనుకుందాం. అది మిగతా గాలిని కాస్త పక్కకు నెట్టింది, అంతే. ఆక్సిజన్ ఇంకా 19 శాతం పైనే ఉంటుంది. దీపం వెలుగుతూనే ఉంటుంది. మనిషికి మాత్రం తల దిమ్మెక్కుతుంది, ఆయాసం కమ్ముకొస్తుంది, ఎక్కువసేపు ఉంటే స్పృహ తప్పే ప్రమాదం ఉంటుంది. బావిలోకే డీజిల్ ఇంజన్ దించి నీళ్ళు తోడినచోట ఇంకో విషం తోడవుతుంది, కార్బన్ మోనాక్సైడ్. గాలిలో వెయ్యిలో ఒక వంతు ఉన్నా గంట రెండు గంటల్లో ప్రాణం మీదికి తెచ్చే వాయువు అది. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అంత కొద్ది మోతాదుకు దీపంలో చిన్న మార్పు కూడా రాదు.

బొగ్గు గనుల చరిత్రంతా ఈ పాఠం చుట్టూనే తిరిగింది. 1815లో హంఫ్రీ డేవీ మంట చుట్టూ సన్నటి తీగల జల్లెడ అమర్చి సేఫ్టీ ల్యాంపు తయారుచేశాడు. గనిలో మీథేన్ అనే మండే వాయువు ఉంటే ఆ మంట మీద లేత నీలం టోపీలాంటిది కనిపిస్తుంది. ఆక్సిజన్ తక్కువైతే మంట కుంగిపోతుంది. ఒకే దీపం రెండు ప్రశ్నలకు జవాబు చెప్పేది. అయినా గనుల్లో మనుషులు చనిపోవడం ఆగలేదు. 1896లో వేల్స్‌లోని టైలర్స్‌టౌన్ గనిలో పేలుడు జరిగి 57 మంది చనిపోతే, జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త మృతదేహాలను పరీక్షించాడు. చాలామంది చనిపోయింది పేలుడు ధాటికి కాదు, ఆ తర్వాత గనిలో నిండిన కార్బన్ మోనాక్సైడ్ వల్ల అని తేల్చాడు. దీపం పట్టుకోలేని ఈ వాయువు కోసమే కానరీ పిట్టలను గనుల్లోకి తీసుకెళ్ళడం మొదలైంది. చిన్న పిట్ట వేగంగా ఊపిరి పీలుస్తుంది, విషం దానికి ముందే ఎక్కుతుంది, మనుషులకు బయటపడే వ్యవధి దొరుకుతుంది. బ్రిటన్ గనుల్లో ఈ పద్ధతి 1986 వరకు సాగింది. దీపం చేతిలో ఉన్నా పంజరం ఎందుకు మోశారంటే, రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు కాబట్టి.

బడిలో వాయువుల పరీక్షలు నేర్పేటప్పుడు ఈ తేడాను పిల్లలకు గట్టిగా చెప్పాలి. నిప్పు కణిక మిగిలిన పుల్లను పరీక్షనాళికలో పెడితే భగ్గున మండితే ఆక్సిజన్. వెలిగే పుల్లకు టప్‌మని శబ్దం చేస్తే హైడ్రోజన్. ఇంతవరకు బాగానే ఉంది. "పుల్ల ఆరిపోయింది, కాబట్టి కార్బన్ డయాక్సైడ్" అని రాసే పిల్లలు చాలామంది. నైట్రోజన్‌లో పెట్టినా పుల్ల ఆరిపోతుంది. ఆరిపోవడం అనేది అక్కడ ఆక్సిజన్ చాలినంత లేదని చెబుతుందే తప్ప, ఉన్నదేమిటో చెప్పదు. కార్బన్ డయాక్సైడ్ అని చెప్పడానికి సున్నపుతేట కావాలి.

ఆ సున్నపుతేట ఇంట్లోనే చేసుకోవచ్చు. తాంబూలంలో వేసుకునే తెల్ల సున్నం శనగగింజంత తీసుకుని గాజుసీసాలో నీళ్ళు పోసి బాగా కలిపి, మూత పెట్టి రాత్రంతా కదపకుండా ఉంచాలి. సున్నం నీళ్ళలో పెద్దగా కరగదు, లీటరుకు రెండు గ్రాములు కూడా కరగదు. మిగిలింది అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్ళను గాజుగ్లాసులోకి మెల్లగా వంచుకోవాలి. స్ట్రాతో అందులోకి ఊదితే కొద్దిసేపట్లోనే నీళ్ళు పాలలా తెల్లబడతాయి. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ సున్నంతో కలిసి కరగని కాల్షియం కార్బొనేట్‌గా మారింది. ఊదడం ఆపకుండా కొనసాగిస్తే ఆ తెలుపు మెల్లగా విరిగి నీళ్ళు మళ్ళీ తేటపడతాయి, ఎందుకంటే కార్బొనేట్ కాస్తా కరిగే బైకార్బొనేట్ అవుతుంది. పిల్లలు చేస్తుంటే కళ్ళకు తగలకుండా, స్ట్రాతో లోపలికి పీల్చకుండా పెద్దవాళ్ళు పక్కనుండాలి. సున్నం కొట్టిన గోడ రోజులు గడిచేకొద్దీ గట్టిపడి చేతికి అంటుకోకుండా అయ్యేది కూడా ఈ చర్యతోనే. గాలిలోని 0.04 శాతం కార్బన్ డయాక్సైడ్‌ను గోడ తీరిగ్గా పీల్చుకుంటుంది.

సున్నపుతేటకూ ఒక హద్దు ఉంది. గంధకం మండితే వచ్చే సల్ఫర్ డయాక్సైడ్‌ను పంపినా అది తెల్లబడుతుంది. ఆ రెంటినీ విడదీయాలంటే ఘాటు వాసనో, పొటాషియం పర్మాంగనేట్ ఊదారంగు పోవడమో చూడాలి. పసుపుతో చేసే పరీక్ష కూడా ఇలాంటిదే. పసుపునీళ్ళలో సున్నం కలిపితే ఎర్రబడటం దిష్టి తీసే ప్రతి ఇంటికీ తెలుసు. పసుపు అద్దిన తడి కాగితాన్ని అమ్మోనియా ఆవిరి దగ్గర పెట్టినా ఎర్రబడుతుంది. గాలికి ఆరబెడితే అమ్మోనియా ఎగిరిపోయి కాగితం మళ్ళీ పసుపుపచ్చగా మారుతుంది. పసుపు చెప్పేది అక్కడ క్షారం ఉందని మాత్రమే. ఏ క్షారం అన్నది దాని పరిధిలో లేదు. ఆమ్ల వాయువు ఎంత ఘాటుదైనా పసుపుకు పట్టదు.

మనందరి దగ్గర ఎప్పుడూ ఉండే గ్యాస్ డిటెక్టరు ముక్కు. హైడ్రోజన్ సల్ఫైడ్ అనే కుళ్ళిన గుడ్డు వాసన వాయువును పది కోట్ల భాగాల గాలిలో ఒక భాగం ఉన్నా అది పసిగట్టగలదు. వెండి పట్టీలను నల్లబరిచేది కూడా ఈ గంధకపు వాయువే. ఇంత సున్నితమైన ముక్కు అసలు అవసరమైన చోట మోసపోతుంది. ఈ వాయువు పది లక్షల భాగాల్లో వంద భాగాలు దాటేసరికి వాసన పసిగట్టే నరాలు మొద్దుబారతాయి. వాసన పోయిందని మనిషి అనుకుంటాడు. నిజానికి వాయువు పెరిగింది. ఐదువందలు దాటితే మనిషి కుప్పకూలతాడు, వెయ్యికి చేరితే ఒకటి రెండు ఊపిరుల్లోనే పడిపోవచ్చు.

సెప్టిక్ ట్యాంకుల్లో, మ్యాన్‌హోళ్ళలో ఒకరి వెంట ఒకరు చనిపోవడానికి కారణం ఇదే. మొదట దిగినవాడు పడిపోతాడు. నీరసమో, కాలు జారిందో అనుకుని తమ్ముడో, తోటి కూలీయో దిగుతాడు. పైన నిలబడ్డవాళ్ళకు పెద్దగా వాసన రాలేదు కాబట్టి భయం ఉండదు. పడిపోయిన మనిషిని చూసి దిగకుండా ఉండటం ఎంత కష్టమైనా, గాలి సరఫరా ఉన్న మాస్కు లేకుండా దిగితే ఇంకో శవమే తేలుతుంది. 101కో 112కో ఫోన్ చేయడం, పైనుంచి తాజా గాలి పంపడం, నడుముకు తాడు ముందే కట్టి ఉంటే లాగడం, పైన ఉన్నవాళ్ళు చేయగలిగేది అంతే. ఇక్కడ దీపం దించడం మరీ ప్రమాదం. మురుగులో పుట్టే మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పు తగలగానే పేలుతుంది.

ఈ పని కోసం ఉన్నది అరచేతిలో పట్టే నాలుగు వాయువుల మీటరు. ఆక్సిజన్, మండే వాయువులు, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఈ నాలుగింటినీ విడివిడిగా చూపిస్తుంది. దాన్ని వాడటంలో కూడా వరస ముఖ్యం. మొదట చూడాల్సింది ఆక్సిజన్ అంకె. మండే వాయువులను కొలిచే మామూలు సెన్సరు లోపల ఆ వాయువును కొద్దిగా మండించి, పుట్టిన వేడిని బట్టి లెక్క చెబుతుంది. ఆక్సిజన్ లేకపోతే అది మండదు. అప్పుడు మీథేన్ నిండుగా ఉన్నా అంకె తక్కువే వస్తుంది. మీటరును ఒక్కసారిగా అడుగుకు పడేయకుండా పైన, మధ్యలో, కింద ఆపి ఆపి చూడాలి. మీథేన్ గాలి కంటే తేలిక, హైడ్రోజన్ సల్ఫైడ్ కాస్త బరువు. పని జరుగుతున్నంతసేపూ మీటరు లోపలే ఉండాలి, ఎందుకంటే బురదను కదిపినప్పుడే అందులో చిక్కుకున్న వాయువు బయటికొస్తుంది. సెన్సరు బతికే ఉందా అని తెలిసిన వాయువు తగిలించి ముందే సరిచూసుకోవాలి.

రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగుకాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. 2014లో సుప్రీంకోర్టు ఇలా చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని చెప్పింది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. కోలార్ బంగారు గనుల ప్రాంతంలో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ దశాబ్దాలుగా పోరాడుతున్నది ఈ పని మొత్తంగా ఆగాలని. మనిషి అసలు దిగక్కర్లేని యంత్రాలు రావాలి. అవి వచ్చేదాకా మీటరు లేకుండా ఒక్కరినీ దించకూడదు. సూపర్‌వైజరు "వాసన లేదులే, దిగు" అనడం పరీక్ష కాదు.

వంటింట్లో గ్యాస్ విషయంలో ముక్కును నమ్మేలా మనుషులే ఏర్పాటు చేశారు. ఎల్పీజీకి సొంత వాసన దాదాపు ఉండదు. సిలిండర్ దగ్గర మనం పీల్చే ఘాటు, అందులో కొద్దిగా కలిపే ఇథైల్ మెర్‌కాప్టన్‌ది. గాలిలో గ్యాస్ సుమారు 2 శాతానికి చేరితే అంటుకునే ప్రమాదం మొదలవుతుంది. అందులో ఐదో వంతు ఉన్నప్పుడే వాసన తెలిసేలా కలుపుతారు. జలుబు చేసినవాళ్ళకు, వాసన శక్తి తగ్గిన పెద్దవాళ్ళకు ఈ ఏర్పాటు సరిగ్గా పనిచేయదు. చాలాసేపుగా అదే గదిలో ఉన్నవాళ్ళకు ముక్కు అలవాటుపడిపోతుంది. బయటినుంచి వచ్చినవాళ్ళు "గ్యాస్ వాసన వస్తోంది" అంటే ఇంట్లోవాళ్ళు తమకు రావట్లేదని కొట్టిపారేయకూడదు. వాసన వస్తే రెగ్యులేటర్ ఆపి, కిటికీలు తలుపులు తెరిచి, లైటు స్విచ్ వేయడం గానీ ఆపడం గానీ చేయకుండా బయటికొచ్చి 1906కు ఫోన్ చేయాలి. ఎక్కడ లీకవుతోందో సబ్బునురుగు చెబుతుంది. గది గాలి కుదుటపడ్డాక పైపు అతుకుల మీద నురుగు రాస్తే బుడగ పెరిగే చోట లీకు ఉన్నట్టు. గదిలో ఎంత గ్యాస్ నిండిందో మాత్రం నురుగుకు తెలియదు. అగ్గిపుల్ల గీసి చూడటం అనే పద్ధతి ఇంకా అక్కడక్కడా కనిపిస్తోంది, దాన్ని ఎవరు చేసినా వెంటనే ఆపాలి.

ఇక ఉష్ణోగ్రత. ఇక్కడ పరికరం సులువు, అంకె స్పష్టం. అందుకే అనుమానం రాదు. మన ఇళ్ళలో జ్వరం ఫారెన్‌హీట్‌లో, ఎండ సెల్సియస్‌లో చెప్పుకుంటాం. "పిల్లాడికి నూటరెండు" అంటాం, "రెంటచింతలలో నలభైఐదు" అంటాం. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చడానికి నోటిలెక్క ఉంది. సెల్సియస్ అంకెను రెట్టింపు చేసి, వచ్చినదాంట్లో పదోవంతు తీసేసి, 32 కలపాలి. 40కి రెట్టింపు 80, అందులో 8 తీసేస్తే 72, 32 కలిపితే 104. ఇది ఉజ్జాయింపు కాదు, కచ్చితమైన జవాబు. ఎందుకంటే 1.8తో గుణించడం అంటే రెట్టింపులోంచి పదోవంతు తీసేయడమే. వెనక్కి రావాలంటే 32 తీసేసి, సగం చేసి, ఆ సగానికి దానిలో తొమ్మిదో వంతు కలపాలి. 104లోంచి 32 పోతే 72, సగం 36, తొమ్మిదో వంతు 4, మొత్తం 40.

ఈ లెక్క సరిగ్గా చేసి కూడా తప్పు జవాబు తెచ్చుకోవచ్చు. "సాధారణం కంటే 5 డిగ్రీలు ఎక్కువ" అన్న మాటను ఫారెన్‌హీట్‌లోకి మార్చమంటే చాలామంది 41 అంటారు. 5 డిగ్రీల సెల్సియస్ అనే ఉష్ణోగ్రత 41 ఫారెన్‌హీట్ అవుతుంది, నిజమే. కానీ ఇక్కడున్నది తేడా, ఉష్ణోగ్రత కాదు. తేడాకు 32 కలపకూడదు. జవాబు 9. మైదాన ప్రాంతంలో 40 డిగ్రీలకు చేరి, సాధారణం కంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువుంటే వాతావరణ శాఖ వడగాడ్పు అంటుంది. ఆ ఒక్క వాక్యంలోనే ఉష్ణోగ్రత ఒకటి, తేడా ఒకటి ఉన్నాయి. రెంటికీ ఒకే సూత్రం పెడితే వార్త అర్థం లేకుండా పోతుంది. 40 డిగ్రీలు 20 డిగ్రీలకు రెట్టింపు వేడి అనుకోవడం కూడా ఈ కోవలోదే. అవే ఫారెన్‌హీట్‌లో 104, 68. రెట్టింపు ఎక్కడికి పోయింది? వాయువుల లెక్కల్లో, అసలు సున్నా నుంచి లెక్కపెట్టే కెల్విన్ కొలమానం వాడేది ఇందుకే. 20 డిగ్రీలు అంటే 293 కెల్విన్, 40 అంటే 313. మూసి ఉన్న పాత్రలో గాలి పీడనం పెరిగేది రెట్టింపు కాదు, ఏడు శాతం లోపు.

98.6 అన్న అంకెను చూస్తే దశాంశం దాకా కొలిచి తేల్చినట్టు ఉంటుంది. జర్మనీ వైద్యుడు వుండర్‌లిష్ 1868లో ఆరోగ్యవంతుల సగటు 37 సెల్సియస్ అని ప్రకటించాడు. ఆ గుండు అంకెను ఫారెన్‌హీట్‌లోకి మార్చితే 98.6 వచ్చింది. దశాంశం కొలతలోంచి రాలేదు, గుణకారంలోంచి వచ్చింది. 1992లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో సగటు 98.2 అని తేలింది. అందుకని 99 చూడగానే టెన్షన్ పడక్కర్లేదు. మనిషి మనిషికీ, ఉదయానికీ సాయంత్రానికీ తేడా ఉంటుంది. చంకలో పెట్టి చూస్తే నోట్లో కంటే తక్కువ వస్తుంది. థర్మామీటరు తాను ఉన్న చోటు వేడిని చెబుతుంది. మిగతా ఒళ్ళు గురించి చెప్పేది మన ఊహ.

చోటు తేడా ఎంత పని చేస్తుందో విశాఖలో తెలిసింది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్‌ఆర్ వెంకటాపురం దగ్గరి ఎల్జీ పాలిమర్స్ ప్లాంటు నుంచి, ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ అనే రసాయనం ఆవిరి బయటికొచ్చి 12 మంది చనిపోయారు. స్టైరీన్ ద్రవాన్ని చల్లగా ఉంచకపోతే దాని అణువులు ఒకదానికొకటి అల్లుకోవడం మొదలవుతుంది. ఆ చర్యలో వేడి పుడుతుంది, ఆ వేడికి చర్య ఇంకా వేగం అందుకుంటుంది. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ ఎత్తిచూపిన లోపాల్లో ఒకటి, ట్యాంకు అడుగున తప్ప పై పొరల్లో ఉష్ణోగ్రత చూసే ఏర్పాటే లేకపోవడం. వేడెక్కిన ద్రవం పైకి చేరుతుంది, చల్లటిది కిందుంటుంది. కింద ఉన్న సెన్సరు తన చోటు గురించి నిజమే చెప్పింది. పైన ఏం జరుగుతోందని అడగడానికి అక్కడ ఏదీ లేదు. బయటికొచ్చిన ఆవిరి గాలి కంటే మూడున్నర రెట్లు బరువు కావడంతో నేలబారుగా పాకి నిద్రపోతున్న ఊరి మీదికి వెళ్ళింది.

ఇంట్లోకి గ్యాస్ అలారం కొనేవాళ్ళు కూడా ముందు దాని చోటు చూసుకోవాలి. సిలిండర్ గ్యాస్ గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు, నేలమీద పరుచుకుంటుంది. ఆ అలారం నేలకు అడుగు ఎత్తులోపు ఉండాలి. హైదరాబాద్, విజయవాడ లాంటి నగరాల్లో పైపు ద్వారా వచ్చేది ప్రధానంగా మీథేన్, గాలి కంటే తేలిక. దాని అలారం పైకప్పుకు దగ్గరగా ఉండాలి. సిలిండర్ మాన్పించి పైపు కనెక్షన్ తీసుకున్న ఇల్లు పాత అలారాన్ని పాత చోటే ఉంచేస్తే, లీకు మొదలైన చాలాసేపటి దాకా అది మోగకపోవచ్చు. బాత్రూంలో గ్యాస్ గీజరు ఉన్న ఇంటికి, చలికాలం గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకునే ఇంటికి ఈ రెండు అలారాలూ పనికిరావు. అక్కడ పుట్టేది కార్బన్ మోనాక్సైడ్. దానికి వేరే అలారం కావాలి, పెట్టెమీద ఆ వాయువు పేరే రాసి ఉందో లేదో చూసి కొనాలి. అలారం ఉన్నా సరే, గీజరును బాత్రూం బయట బిగించి, గదికి గాలి వచ్చే దారి ఎప్పుడూ తెరిచే ఉంచాలి.